గరాజ్‌లో కేబర్నే: 300 పౌండ్ల ద్రాక్షతో నా రెడ్ వైన్ డైరీ

సెప్టెంబర్ 14

మొత్తానికి ఈ ఏడాది చేసేద్దామని డిసైడ్ అయ్యా. మూడేళ్ళుగా నోటితో చేస్తున్న ప్రాజెక్టు ఇది, ఇంక చేత్తో చెయ్యకపోతే మా ఆవిడ ముందు పరువు పోయేలా ఉంది. ప్లాన్ సింపులే. వాషింగ్టన్ స్టేట్‌లో పండిన కేబర్నే సావిన్యో ద్రాక్ష 300 పౌండ్లు కొనడం, మా గరాజ్‌లో చిదిపి పులియబెట్టి ఓ 20 గాలన్ల రెడ్ వైన్ తియ్యడం, మధ్యలో ఏం పాడుచేశానో ఇక్కడ దాచకుండా రాసుకోవడం.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందంటే, మేముండే బాతెల్ నుంచి వుడిన్‌విల్ పది నిమిషాలు, అక్కడ వైనరీలూ టేస్టింగ్ రూములూ కలిపి వంద పైనే ఉన్నాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఉన్నమ్మాయిని తోట ఏ వైపండీ అని అడిగితే నవ్వి, కిటికీలోంచి కొండలవైపు చెయ్యి చూపించి "అటు, మూడు గంటల డ్రైవ్" అంది. మా సియాటిల్ వైపు ఏడాదికి 37, 38 అంగుళాల వాన పడుతుంది, అదే కాస్కేడ్ కొండలు దాటితే 6 నుంచి 8 అంగుళాలు, అంటే ఎడారికి కాస్త ఎక్కువ అంతే. మబ్బులన్నీ కొండల ఇవతలే ఖాళీ అయిపోతాయి. ద్రాక్షంతా అటు పండుతుంది, కొని తాగే జనం ఇటుంటారు, అందుకే వైన్ ఇక్కడ తయారవుతుంది, చుట్టూ ఎంత వెతికినా తోట కనపడదు.

రూల్స్ సంగతి ముందే చూస్కున్నా. ఇంట్లో ఒక్క పెద్దమనిషుంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరుంటే 200 గాలన్ల దాకా సొంతానికి వైన్ చేసుకోవచ్చు, అమ్మకూడదు. నాకు 20 చాలు. అమ్మకి ఫోన్లో చెప్తే "ఏరా, అంత చదివి అమెరికా వెళ్ళింది సారా కాయడానికా" అంది. కాచేది సారా, ఇది పులియబెట్టేది అమ్మా అని చెప్పా, ఆవిడకి ఆ తేడా పెద్దగా ఆనలేదు.

సెప్టెంబర్ 22

సామాను కొన్నా. 32 గాలన్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డబ్బాలు రెండు, గాజు కార్బాయ్‌లు (సన్న మెడ ఉన్న పెద్ద సీసాలు) నాలుగు, రసంలో తీపి కొలిచే హైడ్రోమీటరు, పిహెచ్ మీటరు, గొట్టాలు, ఎయిర్‌లాకులు, అన్నీ కలిపి 420 డాలర్లు. క్రషరూ ప్రెస్సూ మాత్రం అద్దెకే తీస్కుంటా, ఏడాదికి ఒక్కరోజు వాడేదానికి గరాజ్‌లో చోటెక్కడ.

గరాజ్‌లో చేస్తున్నానంటే ఫ్రెండ్స్ నవ్వారు గానీ అసలీ స్టేట్ వైన్ కథ సగం గరాజుల్లోనూ బేస్‌మెంట్లలోనే మొదలైంది. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ ప్రొఫెసర్లు కొంతమంది ఇళ్ళల్లో సరదాకి వైన్ చేసుకునేవాళ్ళు, వాళ్ళూ వాళ్ళ స్నేహితులూ కలిసి 1962లో అసోసియేటెడ్ వింట్నర్స్ అని కంపెనీ పెట్టి మరుసటేడు సన్నీసైడ్ దగ్గర సొంత తోట వేశారు. ఆ గుంపులో ఫిల్ చర్చ్ అని వాతావరణ శాస్త్రం ప్రొఫెసరున్నాడు. ఆయన ఇంట్లో చేసిన గెవుర్జ్‌ట్రామినర్ అనే వైట్ వైన్ని 1967లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఆండ్రే చెలిష్చెఫ్ రుచి చూసి తెగ మెచ్చుకున్నాడు. చెలిష్చెఫ్ అంటే అప్పట్లో నాపాలో పెద్ద గురువు లెక్క. తర్వాత ఆయనే ఇక్కడి సెయింట్ మిషెల్ అనే వైనరీ వాళ్ళకి సలహాదారుగా వచ్చాడు. ఆయన మేనల్లుడు అలెక్స్ గోలిట్సిన్ స్నోహోమిష్‌లో ఇంజనీరు ఉద్యోగం చేసుకుంటూనే కేబర్నే మొదలుపెట్టాడు, అదే క్విల్సీడా క్రీక్, వాళ్ళ 2002, 2003 సంవత్సరాల కేబర్నేలకి 100కి 100 పాయింట్లొచ్చాయి. ఇంకో మూల వాలా వాలాలో గ్యారీ ఫిగ్గిన్స్ అని మెషినిస్టు, తాతగారు ఇటలీ నుంచి వచ్చి ఇంట్లోనే వైన్ చేసుకునే మనిషి, ఈయన 1977లో లియోనెట్టి పెట్టాడు, ఆ ఊరికి ఈ తరంలో అదే మొదటి వైనరీ.

ఇంజనీర్లూ మెషినిస్టులూ చేశారు కదా, నేనూ జావా రాసుకునేవాణ్ణే, ఏం తక్కువ అనుకున్నా. (డైరీలో తర్వాతి భాగం చదివితే ఏం తక్కువో తెలుస్తుంది.)

అక్టోబర్ 5, పగలు

పొద్దున్న ఐదున్నరకి ఫ్రెండ్ ట్రక్కు తీస్కుని ఇద్దరం బయల్దేరాం. స్నోక్వాల్మీ పాస్ దాకా వైపర్లు ఆపితే ఒట్టు, పాస్ దిగి క్లీ ఎలమ్ దాటేసరికి ఎవరో స్విచ్ ఆపినట్టు వాన ఆగిపోయింది, ఎలెన్స్‌బర్గ్ దాటాక కొండలన్నీ ఎండుగడ్డి రంగు. యాకిమా లోయలో దిగాక మళ్ళీ పచ్చదనం కనపడింది కానీ అది గీత గీసినట్టుంటుంది, కాలవ నీళ్ళు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా పచ్చ, దాని పైన అడుగు కూడా పచ్చ ఉండదు. మా గుంటూరు వైపు సాగర్ కాలవ కింద ఊరికీ మీద ఊరికీ ఉన్న తేడా చూసినోళ్ళకి దీన్ని ఎక్కువ వివరించక్కర్లేదు.

తోట ప్రాసర్ దగ్గర. ప్రాసర్ చిన్న ఊరే గానీ ఈ కథలో పెద్ద ఊరు, స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ రీసెర్చ్ స్టేషనుంది ఇక్కడ. 1937లో వాల్టర్ క్లోర్ అని ఒకాయన ఆ స్టేషన్‌కొచ్చాడు, తాగుడంటే పడని కుటుంబంలో పుట్టినాయన, వచ్చి ఏళ్ళ తరబడి ఏ రకం ద్రాక్ష ఇక్కడి చలికి తట్టుకుంటుందో ఏది చస్తుందో ఒక్కో మొక్కా నాటి లెక్కలు రాశాడు. అప్పటికి ఇక్కడంతా జ్యూస్‌కి పనికొచ్చే కాంకర్డ్ ద్రాక్షే (ఇప్పటికీ ఆ ద్రాక్షలో దేశంలో ఈ స్టేటే ఫస్టు), యూరప్ రకాలు బతకవని అందరి నమ్మకం. బతుకుతాయని చూపించింది ఈయన. 2001లో స్టేట్ అసెంబ్లీయే ఆయన్ని వాషింగ్టన్ వైన్ పరిశ్రమకి పితామహుడని గుర్తించింది.

రైతు అరవై దాటిన పెద్దాయన, పేరు రాయను. మేం వెళ్ళేసరికి మా 300 పౌండ్లు పెద్ద తెల్ల డబ్బాల్లో కోసి పెట్టుంచాడు, అయినా నేను వరసల్లోకి వెళ్ళి చూస్తానంటే తీస్కెళ్ళాడు. కేబర్నే పండు ఎంత చిన్నదంటే మన బజార్లో కొనే ద్రాక్షతో పోలికే లేదు, బఠాణీ గింజంత, తొక్క మందం, లోపల రెండు మూడు గింజలు. నోట్లో వేసుకుంటే ముందు పంచదార పాకంలా తీపి, తర్వాత గింజ కొరికితే కరక్కాయ వగరు. "గింజ చూడు, గోధుమ రంగు తిరిగిందా, కొరికితే పటుక్కుమందా, అప్పుడే కోస్తాం" అన్నాడు. ఇసక కలిసిన మెత్తటి మన్ను, చెప్పుతో తన్నితే పొగలా లేస్తుంది. అడుగున లావా రాయి, దాని మీద 15 వేల ఏళ్ళ కిందట మంచుయుగం చివర్లో మిసూలా వరదలు తెచ్చి పోసిన మట్టి, దాని మీద గాలి మోసుకొచ్చిన దుమ్ము. ఈ ఇసక నేలలూ ఈ చలీ ఫిలాక్సెరా అనే వేరు పురుగుకి గిట్టవు కాబట్టి ఇక్కడ చాలా తోటల్లో అంటు కట్టకుండా తీగని సొంత వేళ్ళ మీదే పెంచేశారు, ప్రపంచంలో చాలాచోట్ల అలా పెంచే ధైర్యం లేదు. 2019లో వాలా వాలా వైపు ఆ పురుగు బయటపడ్డాక మాత్రం కొత్తగా వేసేవాళ్ళు అంటు మొక్కలే చూస్తున్నారట.

నేను డ్రిప్ పైపు చూపించి రోజూ నీళ్ళు పెడతారా అనడిగితే ఆయన నావైపు జాలిగా చూశాడు. నీళ్ళు పెట్టడం కాదు, ఎండగట్టడం వాళ్ళ పని. పిందె పడ్డాక కావాలనే నీళ్ళు తగ్గిస్తారు, తీగ ఆకులు పెంచడం మానేస్తుంది, పండు చిన్నదిగా ఆగిపోతుంది. పండు చిన్నదైతే రసం తక్కువ తొక్క ఎక్కువ, రెడ్ వైన్లో రంగూ వగరూ అంతా తొక్కలోంచే వస్తుంది. వాన పడే దేశాల్లో ఈ కంట్రోలు దేవుడి చేతిలో ఉంటుంది, ఇక్కడ వాల్వు దగ్గరుంటుంది. పైగా జూన్‌లో పగలు దాదాపు 16 గంటలు, మధ్యాహ్నం మాడిపోయే ఎండ, రాత్రికి స్వెట్టరు వేస్కోవాలి. పగటి ఎండకి తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు కరిగిపోకుండా నిలబడుతుంది.

డబ్బులిచ్చేటప్పుడు అసలు సంగతి చెప్పాడు. పౌండు 1.25 డాలర్లకి, నాలాంటి చిల్లర బేరగాడికి, ఇంత మంచి పండు ఎందుకిచ్చాడంటే ఆయన పంట కొనే పెద్ద వైనరీ ఈ ఏడాది కాంట్రాక్టు కోసేసింది. జనం వైన్ తాగడం తగ్గించారు, ట్యాంకుల్లో సరుకుంది, కొనేవాడు లేడు. పక్క పొలం చూపించాడు, ఇరవై ఏళ్ళ మెర్లో (ఇంకో రెడ్ వైన్ ద్రాక్ష) తీగలు వేళ్ళతో సహా పీకి కుప్ప పోసున్నాయి. 1981లో ఈ స్టేట్ మొత్తానికి 20 వైనరీలు కూడా లేవు, ఇప్పుడు వెయ్యి దాటాయి, అయినా రైతు పరిస్థితి ఇది. దానికేం అనాలో తెలీక ఇంకో 20 పౌండ్లు తీస్కుంటానన్నా. ఆ ఇరవైకీ ఆయన డబ్బులు తీస్కోలేదు.

అక్టోబర్ 5, రాత్రి

ఇంటికొచ్చేసరికి నాలుగు. క్రషర్ పెట్టి డబ్బాలు గుమ్మరించడం మొదలెట్టాం, ఒకడు తిప్పాలి ఒకడు పొయ్యాలి, తొడిమలు ఒక వైపు పడతాయి చిదిగిన పండు కింద డబ్బాలో పడుతుంది, పడతాయి అన్నది కంపెనీ వాడి మాట, మేం ముగ్గురం కూర్చుని గంటన్నర చేత్తో తొడిమలు ఏరాం. మా ఆవిడ "కందిపప్పులో రాళ్ళేరినట్టుంది" అంటూనే అందరికంటే ఫాస్టుగా ఏరింది.

రీడింగులు: తీపి 25.5 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత), అంటే పూర్తిగా పులిస్తే ఆల్కహాల్ పద్నాలుగున్నర శాతం దగ్గరికొస్తుంది. పిహెచ్ 3.82, అది ఎక్కువ. పిహెచ్ ఎక్కువుంటే పులుపు తక్కువ, వైన్ చప్పగా ఉంటుంది, చెడగొట్టే బ్యాక్టీరియాకి పండగ. కొంచెం టార్టారిక్ యాసిడ్ కలిపి 3.65కి దించాలి. టార్టారిక్ అంటే భయపడక్కర్లేదు, చింతపండు పులుపంతా అదే, ద్రాక్షలో ఉండేదీ అదే.

ఇక్కడే వెధవ పని చేశా. లీటరుకి 1.5 గ్రాములు కలపాలి. డబ్బాల్లో చూస్తే చిదిపిన ద్రాక్ష 120 లీటర్లుంది, 180 గ్రాములు తూచి కలిపేశా. పడుకోబోతుంటే వెలిగింది, ఆ 120లో తొక్కలూ గింజలూ కూడా ఉన్నాయి, రసం 87 లీటర్లకి మించదు, వెయ్యాల్సింది 130 గ్రాములు. 50 గ్రాములు ఎక్కువ పడింది. చారులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తాం, ఇందులో ఏం పొయ్యను. లేచి వెళ్ళి చూస్తే పిహెచ్ 3.57. తీసే మార్గం ఉంది గానీ మొదటి రోజే కెమిస్ట్రీ మీద కెమిస్ట్రీ చెయ్యడం ఇష్టం లేక వదిలేశా.

అక్టోబర్ 7

నిన్న రసం చెడకుండా కాపాడే సల్ఫైట్ వేసి ఒక రోజు ఆగి ఇవ్వాళ ఈస్ట్ వేశా. 30 గ్రాముల ఈస్ట్‌ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నిమిష నిమిషానికీ కాస్త రసం కలుపుతూ వేడి తగ్గించి పోశా, ఒక్కసారి చల్లటి రసంలో పోస్తే షాక్ తిని చస్తాయట. గరాజ్ 13 డిగ్రీలుంది, డబ్బాలకి పాత దుప్పట్లు చుట్టి కింద నారు పెంచే హీట్ మ్యాట్ పెట్టా.

అక్టోబర్ 9

పట్టుకుంది. తొక్కలన్నీ పైకి తేలి జానెడు మందం అట్టు కట్టాయి, చెవి పెడితే లోపల్నించి సన్నగా చిటపట. ఆ అట్టుని రోజుకి మూడుసార్లు కిందకి అదమాలి, లేకపోతే పైన ఎండి వెనిగర్ వాసనొస్తుంది, పైగా రంగు దిగదు. రసానికి అసలు రంగుండదు, తొక్కతో కలిసి నానితేనే ఎరుపు. పొద్దున్న ఆఫీస్ కాల్ ముందొకసారి, లంచ్‌లో ఒకసారి, రాత్రి పడుకునే ముందొకసారి. మొదట్లో గట్టిగా తోస్తే మెల్లగా మునిగి కింద నించి వేడి బుస్సుమని కొట్టింది, లోపల 29 డిగ్రీలు, చేతులు మోచేతిదాకా నేరేడు పళ్ళు తిన్న నాలుక రంగు. గరాజ్ తలుపు తెరిచే చెయ్యాలి, కార్బన్ డయాక్సైడ్ కిందే పేరుకుంటుంది, వంగినప్పుడు నిజంగానే తల తిరుగుతుంది.

అక్టోబర్ 11

కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఇల్లంతా. మా ఆవిడ ఏమీ అనలేదు, ముక్కుకి చున్నీ కట్టుకుని వంట చేస్తోంది, అది అనడం కంటే ఎక్కువ.

తప్పు నాదే. ఈస్ట్‌కి తీపి ఒక్కటే చాలదు, నైట్రోజన్ కూడా కావాలి, లేకపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. మూడోవంతు తీపి తగ్గాక న్యూట్రియంట్ వెయ్యమని రాసుంది, నేను ఆఫీస్ రిలీజ్ గొడవలో పడి మర్చిపోయా. ఇవ్వాళ బ్రిక్స్ 12, సగం దాటిపోయింది. గబగబా న్యూట్రియంట్ వేసి, బకెట్‌తో రసం తీసి పైనించి ధారగా పోసి గాలి తగిలించా, అచ్చం టీ కొట్టు వాడు టీ తిరగబోసినట్టు. రాత్రి మళ్ళీ. పొద్దున్నకి సగం పోయింది, 13వ తారీఖుకి పూర్తిగా పోయింది.

అక్టోబర్ 17

బ్రిక్స్ సున్నా కిందకి దిగింది, పిండేశాం. అద్దెకి తెచ్చింది చెక్క బుట్ట ప్రెస్సు, మధ్యలో స్క్రూ, మన గానుగకి చిన్న తమ్ముడు. ముందు దానంతటదే కారినదాన్ని విడిగా పట్టాం, తర్వాత పిండినదాన్ని విడిగా. రెండూ గ్లాసుల్లో పోసి చూస్తే తేడా కొట్టొచ్చినట్టుంది, మొదటిది మెత్తగా ఉంది, చివరి పిండుడు నాలుక మీద ఇసక కాగితం. మొత్తం 20 గాలన్లు పైన చిల్లర. పిప్పంతా గులాబీ మొక్కలకి వేశా. ఈ రోజు రుచి గురించి నిజాయితీగా చెప్పాలంటే పులుపు, వగరు, ఈస్ట్ వాసన, ఆ వరసలో.

నవంబర్ 24

మాలోలాక్టిక్ కోసం బ్యాక్టీరియా వేసి నెల దాటింది. ద్రాక్షలో రెండో పులుపు మాలిక్ యాసిడ్, పచ్చి యాపిల్ పులుపు, ఈ బ్యాక్టీరియా దాన్ని లాక్టిక్‌గా మారుస్తుంది, అంటే పెరుగు పులుపు. రెడ్ వైన్లన్నింటికీ దాదాపు ఇది చెయ్యాల్సిందే. నా కేసులో ఇంకా ముఖ్యం, నేను ఎక్కించిన పులుపులో ఏదో కొంత ఇటునించి అయినా తగ్గాలి. అయిందో లేదో చూడ్డానికి పేపర్ క్రొమటోగ్రఫీ, కాగితం మీద చుక్కలు పెట్టి కంపు కొట్టే ద్రావకంలో నిలబెట్టి రాత్రంతా వదిలేస్తే, పొద్దున్నకి ఆకుపచ్చ కాగితం మీద పసుపు మచ్చలొస్తాయి. టార్టారిక్ కింద, మాలిక్ మధ్యలో, లాక్టిక్ పైన. మధ్య మచ్చ మాయమైంది! ఇంటర్ ప్రాక్టికల్స్‌లో కూడా ఇంత ఆనందపడలేదు.

తేటని కొత్త కార్బాయ్‌ల్లోకి మార్చి అడుగు మడ్డి పారేశా. పిహెచ్ 3.66. సల్ఫైట్ లెక్క ఈసారి రెండుసార్లు చూస్కున్నా. ఇది పిహెచ్‌తో పాటు ఎంత మారుతుందంటే 3.55 దగ్గర లీటరుకి 28 మిల్లీగ్రాముల ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ చేసే పని 3.85 దగ్గర 55 ఉంటేగానీ చెయ్యదు. ఎండ దేశం రెడ్ వైన్లకి పులుపు రుచికోసమే కాదు, కాపలా కూడా అదే.

కార్బాయ్‌లు మెడదాకా నింపి ఉంచాలి, ఖాళీ ఉంటే గాలి తగిలి పాడవుతుంది. ఇది అమ్మకి చెప్తే "ఆవకాయ మీద నూనె తేలాలి అని చెప్తే అప్పుడు వినలేదు, ఇప్పుడు తెల్లోళ్ళ పుస్తకం చదివి తెలుసుకున్నావా" అంది.

జనవరి 19

గరాజ్‌లో రెండు డిగ్రీలు. కార్బాయ్ గోడలకి లోపల మెరిసే పలుకులు పట్టాయి, మా ఆవిడ గాజు పగిలిందని కంగారుపడింది. గాజు కాదు, చలికి ఎక్కువైన టార్టారిక్ పొటాషియంతో కలిసి స్ఫటికాలుగా దిగిపోతోంది. నేను ఎక్కువ పోసిందాన్ని చలికాలం కొంచెం కొంచెం వెనక్కి తీస్తోందన్నమాట.

రైతుకి ఫోన్ చేసి చలి ఎలా ఉందని అడిగితే 1996 కథెత్తాడు. ఆ ఫిబ్రవరిలో తూర్పు వైపు సున్నా ఫారెన్‌హీట్ కింద ఎక్కడికో పడిపోయింది, మొగ్గలు కాదు కాండాలే పగిలాయి, ఎక్కువ దెబ్బ మెర్లోకి తగిలింది. దానికి ఓ ముందు కథుంది. 1991 నవంబర్‌లో సిక్స్టీ మినిట్స్ అనే టీవీ ప్రోగ్రాంలో ఫ్రెంచోళ్ళు అంత కొవ్వు తిని కూడా గుండె జబ్బులు తక్కువ, బహుశా రెడ్ వైన్ వల్లేనేమో అని చూపించారు, దేశం మొత్తం రెడ్ వైన్ మీద పడింది (వైద్యం కోణం నమ్మకండి, దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు). అప్పటిదాకా రీస్లింగ్ లాంటి వైట్లే ఎక్కువుండే ఈ స్టేట్‌లో రైతులు పోటీపడి మెర్లో వేశారు, చల్లని లోతట్టు పొలాల్లో కూడా వేసేశారు. 1996 చలి వచ్చి ఎక్కడ వెయ్యకూడదో చూపించింది. చల్లగాలి నీళ్ళలా పల్లానికి జారుతుంది, కాబట్టి తోటలు వాలుల మీదకెక్కాయి. రెడ్ మౌంటెన్ కూడా అలాంటి వాలే, 1975లో జిమ్ హోమ్స్, జాన్ విలియమ్స్ ఉత్త సేజ్ పొదలున్న నేలలో మొదటి తోట వేశారు, 2001లో దానికి వైన్ ద్రాక్ష ప్రాంతంగా సొంత గుర్తింపొచ్చింది, ఇప్పుడు దేశంలోనే ఖరీదైన కేబర్నే ద్రాక్షలో అక్కడిది ఒకటి. పేరులో ఉన్నట్టు అది ఎర్రగానూ ఉండదు, పర్వతమూ కాదు.

ఏప్రిల్ 12

వైన్లో ఓక్ చెక్క ముక్కలు వేసి మూడు నెలలు. ఇవ్వాళ నలుగురు ఫ్రెండ్స్‌ని పిలిచి నాదొకటి, బయట కొన్నవి మూడు, సీసాలకి కాగితం చుట్టి తాగించా. కొన్నవాటిలో ఒకటి సిరా అనే రకం ద్రాక్షతో చేసిన రెడ్ వైన్. పేరు చూసి ఒకడు పెన్నులో పోసేదా అన్నాడు, గ్లాసులో చూస్తే నిజంగానే ఆ రంగే. ఇక్కడ సిరా పుట్టింది 1986లో, డేవిడ్ లేక్ అడిగితే మైక్ సాయర్ రెడ్ విల్లో తోటలో నాటాడు, 1988 పంటతో మొదటి వైన్. ఈ లేక్ పనిచేసింది కొలంబియా వైనరీలో, అంటే పైన రాసిన ప్రొఫెసర్ల కంపెనీయే పేరు మార్చుకుని.

ఇంకోటి కూడా చెప్పా వాళ్ళకి. 1969 దాకా ఈ స్టేట్ చట్టం బయటి వైన్లని అడ్డుకుని లోకల్ కంపెనీలని కాపాడేది, ఆ నీడలో వాళ్ళు చవక తీపి వైన్లు చేసుకుంటూ హాయిగా బతికారు. ఆ ఏడాది అడ్డం తీసేశారు, కాలిఫోర్నియా సరుకు దిగింది, తీపి సీసాల వాళ్ళు చాలావరకు పోయారు, ద్రాక్షని సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు మిగిలారు. నాకైతే ఇక్కడి రెడ్ వైన్లకి ఆ చట్టం చేసిన మేలు ఏ అవార్డూ చెయ్యలేదనిపిస్తుంది.

రిజల్టు: నలుగురిలో ముగ్గురు నాది చివర పెట్టారు. నాలుగోవాడు సెకండ్ పెట్టాడు, వాడికి జలుబు.

ఆగస్ట్ 23

బాట్లింగ్. మడ్డి పోగా, రుచి చూడ్డాలు పోగా 17 గాలన్ల పైచిలుకు మిగిలింది, 86 సీసాలు. కార్కు కొట్టే మెషిన్ నేల మీద నిలబెట్టేది తెచ్చా కాబట్టి రెండు గంటల్లో అయిపోయింది, మా అమ్మాయి ఒక్కో సీసాకీ నంబరు రాసింది, 41 రెండుసార్లు రాసింది. మొత్తం ఖర్చు 1,055 డాలర్లు, సీసాకి 12 చిల్లర. ఆ డబ్బుకి షాపులో ఇంతకంటే మంచి కొలంబియా వ్యాలీ కేబర్నే దొరుకుతుంది, నేను వెతికి చూశా కూడా.

రుచి ఇప్పుడు: నల్ల చెర్రీ, కాస్త ఎండు ఆకుల వాసన, వగరు మెత్తబడింది, చివర్లో పులుపు ఇంకా తొంగి చూస్తోంది. మటన్ పులుసుతో తాగితే ఆ పులుపు కనపడదు, చపాతీతో తాగితే కనపడుతుంది.

సెప్టెంబర్ 27

ఈ ఏడాది పండు కోసం ప్రాసర్ వెళ్ళా, 12వ నంబరు సీసా పట్టుకుని. పక్క పొలంలో మెర్లో పీకేసిన చోట ఏదో గడ్డి వేసున్నారు. పెద్దాయనకి కొత్త కాంట్రాక్టు దొరకలేదు, మూడెకరాల పంట కొయ్యకుండా తీగ మీదే వదిలేస్తున్నాడట, కోత కూలి కూడా రాదని. నాలాంటి గరాజ్ వాళ్ళు ఈసారి తొమ్మిది మంది వచ్చారట, మొత్తం కలిపినా టన్నున్నర.

ట్రాక్టర్ టైరు మీద కూర్చుని, జేబులోంచి కార్క్ స్క్రూ తీసి ఆయనే తెరిచాడు. ప్లాస్టిక్ కప్పులో పోసుకుని ఎండకి పెట్టి రంగు చూశాడు, వాసన చూశాడు, ఒక గుక్క నోట్లో చాలాసేపు తిప్పి మింగాడు. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డా.

"నా ద్రాక్షే" అన్నాడు. ఇంకో గుక్క తాగి, కప్పు వైపు చూస్తూ, "యాసిడ్ ఎంత వేశావ్?"